పాత పీసీఐ రికార్డింగ్ కార్డుని కొత్త కంప్యూటర్‌లో పనిచేయించడం: స్లాటు నుంచి సౌండు దాకా

మా నాయనమ్మ గొంతు ఒక అరవై నిమిషాల క్యాసెట్‌లో మిగిలింది. శుక్రవారం పాడే మంగళహారతులు, వాటి మధ్యలో "ఒరే, అది తిరుగుతోందా?" అని మా నాన్నని అడగడం. ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని అటక మీదున్న రికార్డింగ్ కార్డు దించాను. ఎం-ఆడియో డెల్టా ఆడియోఫైల్ 2496. ఒకప్పుడు ఇంట్లో స్టూడియో పెట్టుకోవాలనుకున్న ప్రతివాడూ కొనాలనుకున్న కార్డు. అది పీసీఐ కార్డు, అంటే కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు మీద పాతరకం స్లాటులో గుచ్చేది. కొత్త కంప్యూటర్ మూత విప్పి చూస్తే దాన్ని గుచ్చడానికి స్లాటే లేదు.

ఆ రోజు నుంచి ఆ కార్డు మళ్లీ పాడేదాకా చేసిన పనంతా వరసగా రాస్తున్నాను. నా కార్డునే ఉదాహరణగా తీసుకున్నా, అదే కుటుంబంలోని డెల్టా 44, డెల్టా 66, 1010ఎల్‌టీ లాంటి వాటికీ చాలావరకు ఇదే దారి. వేరే కంపెనీ పీసీఐ కార్డు ఉన్నవాళ్లకి డ్రైవర్ (కార్డుతో కంప్యూటర్ మాట్లాడడానికి వాడే సాఫ్ట్‌వేర్) సంగతి మారుతుంది, మిగతాదంతా పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఇలాంటి కార్డు పలకకపోతే చాలామంది అది చచ్చిపోయిందనుకుని పారేస్తారు. చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది. తేడా వచ్చేది మూడు చోట్ల: స్లాటు, కరెంటు, డ్రైవర్. ఈ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి, విడివిడిగా పరీక్షించాలి. అన్నీ ఒకేసారి కెలికితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

మొదటి అడుగు: కార్డుని చేతిలోకి తీసుకుని చూడండి

కార్డు ముట్టుకునే ముందు కంప్యూటర్ క్యాబినెట్ ఇనుముని ఒకసారి తాకి, ఒంట్లో ఉన్న స్టాటిక్ వదిలించుకోండి. తర్వాత కార్డుని అంచులతో పట్టుకుని వెలుతురులో చూడండి. చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల తల ఉబ్బిందా? ఏదైనా కారిన మరక ఉందా? ఉంటే ముందు వాటిని మార్పించాలి. బంగారు రంగు పళ్ల మీద మసక పేరుకుని ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే పూత పోతుంది.

ఇప్పుడు మధ్యలో ఉన్న పెద్ద చిప్ మీద ఏం రాసుందో చదవండి. నా కార్డు మీద ఎన్వీ24 అని, ఐసీఈ1712 అని ఉంది. కార్డు పేరు కన్నా ఈ చిప్ పేరు ముఖ్యం, ఎందుకంటే డ్రైవర్ మాట్లాడేది చిప్‌తోనే. కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఆడియోఫైల్ 2496కి వెనక నాలుగు ఆర్‌సీఏ జాకులుంటాయి: రెండు ఇన్‌పుట్, రెండు అవుట్‌పుట్. డిజిటల్ కనెక్షన్లు, మిడి (ఎలక్ట్రానిక్ వాయిద్యాలు కలిపే) కనెక్షన్లు విడిగా ఒక తోక కేబుల్‌లో వస్తాయి. ఆ కేబుల్ పోయినా దిగులు పడకండి, క్యాసెట్లు రికార్డ్ చేయడానికి దానితో పనిలేదు.

పళ్ల మధ్య గాడి ఎక్కడుందో కూడా చూడండి. ఇనప పట్టీకి దూరంగా ఒకే గాడి ఉంటే అది 5 వోల్టుల కార్డు. దగ్గరగా ఒకే గాడి ఉంటే 3.3 వోల్టులది. రెండూ ఉంటే రెండింట్లోనూ పనిచేస్తుంది. గాడి సరిపోని స్లాటులోకి బలవంతంగా నొక్కితే కార్డూ పోతుంది, బోర్డూ పోతుంది.

రెండో అడుగు: మీ బోర్డు మీద ఏముంది

పీసీఐ స్లాటు దాదాపు 8.5 సెంటీమీటర్ల పొడవు, ఎక్కువగా తెల్లగా ఉంటుంది. ఇప్పటి బోర్డుల మీద కనబడే పొట్టి స్లాటు, రెండున్నర సెంటీమీటర్లది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1. పేరు ఒకలాగే ఉన్నా రెండూ వేర్వేరు భాషలు. పాతది 32 తీగల మీద ఒకేసారి డేటా పంపుతుంది, కొత్తది ఒక్కో బిట్టుని వరసగా చాలా వేగంగా పంపుతుంది. అందుకే మధ్యలో దుబాసీలా ఒక బ్రిడ్జి చిప్ కావాలి. ఆ చిప్ పెట్టుకుని, కొత్త స్లాటుకి పాత కార్డుని కలిపే ముక్కే అడాప్టర్.

ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ చిప్‌సెట్లలో (బోర్డు మీది ముఖ్యమైన చిప్‌లలో) పీసీఐని తీసేయడం 2011లో 6 సిరీస్‌తో మొదలైంది. ఆఫీసు మెషిన్ల కోసం చేసిన బీ75, క్యూ77 లాంటివాటిలో మాత్రం 7 సిరీస్ దాకా ఉంచారు. ఆ తర్వాత వచ్చిన బోర్డుల మీద పీసీఐ స్లాటు కనబడినా, దాని వెనక బోర్డు కంపెనీ అతికించిన బ్రిడ్జి చిప్ ఉంటుంది. అంటే పైకి స్లాటు ఉన్నా, లోపల జరిగేది అడాప్టర్ పనే.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి నా సలహా ఒక్కటే: ఈ కార్డు ఆలోచన వదిలి మంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కోండి. థండర్‌బోల్ట్ డబ్బాల్లో పెట్టి వాడే మార్గం ఉంది గానీ, ఆ డబ్బా ఖరీదుకి కొత్త ఇంటర్‌ఫేస్‌లే వస్తాయి.

మూడో అడుగు: అడాప్టర్ ఎంపిక

డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. నేను మొదట కొన్న అడాప్టర్ దుకాణంవాడు "ఏ కార్డైనా ఆడుతుంది సార్" అని చెప్పి అమ్మింది. దాన్ని పెట్టాక కంప్యూటర్ కార్డుని గుర్తుపట్టింది, పేరు చూపించింది, రికార్డింగ్ గీత మాత్రం చచ్చినట్టు బల్లపరుపుగా ఉండిపోయింది. రెండు రోజులు డ్రైవర్లతో కుస్తీ పట్టాను. తప్పు డ్రైవర్‌ది కాదు, కరెంటుది.

పాత పీసీఐ స్లాటు కార్డుకి నాలుగు రకాల కరెంటు ఇస్తుంది: ప్లస్ 5, ప్లస్ 3.3, ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో ఉండేవి 12, 3.3 మాత్రమే. 5 వోల్టులు లేవు, మైనస్ 12 లేవు. 5 వోల్టుల కోసం మంచి అడాప్టర్లు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా) నుంచి ఒక వైరు అడుగుతాయి. మైనస్ 12ని చాలా చవక అడాప్టర్లు పట్టించుకోవు, ఎందుకంటే నెట్‌వర్క్ కార్డులకీ సీరియల్ పోర్టు కార్డులకీ చాలావరకు అది అక్కర్లేదు. ఆడియో కార్డుల సంగతి వేరు. శబ్దం సున్నాకి పైకీ కిందకీ ఊగుతుంది కదా, ఆ ఊపుని మోసే ఆప్‌యాంప్‌లకి (సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్‌లకి) కొన్ని కార్డులు ప్లస్ 12, మైనస్ 12 రెండూ వాడతాయి. మైనస్ 12 అందకపోతే డిజిటల్ భాగం మేలుకుని పేరు చెబుతుంది, అనలాగ్ భాగం మాత్రం మూగగా ఉండిపోతుంది లేదా గొంతు పగిలినట్టు పలుకుతుంది.

మీ కార్డుకి మైనస్ 12 కావాలో లేదో ఇలా చూడొచ్చు. చిప్‌లున్న వైపు మీకు కనబడేలా కార్డుని పట్టుకోండి. ఇనప పట్టీకి అన్నింటికన్నా దగ్గరున్న మొదటి పన్ను మైనస్ 12ది. దాని నుంచి పైకి ఒక గీత పాకి ఎటో వెళ్తోందా, లేక పన్ను ఒంటరిగా ఆగిపోయిందా? భూతద్దంతో చూడండి. గీత ఉంటే మైనస్ 12 ఇచ్చే అడాప్టర్ తప్పనిసరి అనుకోండి. గీత కనబడకపోయినా లోపలి పొరల్లోంచి పోయే అవకాశం ఉంది, కాబట్టి అనుమానం ఉంటే ఇచ్చేదే కొనడం క్షేమం. అడాప్టర్ వివరాల్లో మైనస్ 12 వోల్టులని స్పష్టంగా రాసి ఉండాలి. రాయలేదంటే లేదనే అర్థం చేసుకోండి.

తర్వాత బ్రిడ్జి చిప్. మార్కెట్లో ఎక్కువగా దొరికేవి ఏఎస్‌మీడియా ఏఎస్‌ఎం1083 ఉన్నవి. పనిచేస్తాయి గానీ దీనికి ఒక తెలిసిన జబ్బుంది: కార్డు పంపిన ఇంటరప్ట్ ("నన్ను చూడు" అని ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) అయిపోయిందని చెప్పాల్సిన సందేశాన్ని అప్పుడప్పుడు మింగేస్తుంది. లినక్స్‌లో అలా జరిగితే సిస్టమ్ ఆ ఇంటరప్ట్ లైన్‌నే ఆపేస్తుంది, రికార్డింగ్ మధ్యలో సౌండు తెగిపోతుంది. లాగ్‌లో "నోబడీ కేర్డ్" అన్న మాటలు కనబడితే ఇదే కారణం. కర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఆప్షన్లలో ఐఆర్‌క్యూపోల్ (irqpoll) చేర్చి చూడండి, అప్పటికీ ఆగకపోతే పీఎల్‌ఎక్స్ లేదా పెరికామ్ చిప్ ఉన్న అడాప్టర్‌కి మారండి.

వేగం గురించి మాత్రం టెన్షన్ వద్దు. పీసీఐ మొత్తం దారి సెకనుకి 133 మెగాబైట్లు. ఈ చిప్ తన పన్నెండు రికార్డింగ్ చానళ్లనీ 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 96 వేల శాంపిల్స్‌తో, నింపినా ఐదు మెగాబైట్లు దాటదు. ఎక్స్1 స్లాటు మొదటి తరందే 250 మెగాబైట్లు మోస్తుంది.

ఇక ఆకారం. నేరుగా స్లాటులో నిలబడే అడాప్టర్ మీద కార్డు పెడితే అది పైకి లేస్తుంది, ఇనప పట్టీ క్యాబినెట్‌కి అందదు, స్క్రూ పట్టదు. అలా ఊగులాడుతూ వదిలేస్తే కేబుల్ లాగినప్పుడల్లా కాంటాక్ట్ పోతుంది. కేబుల్‌తో దూరంగా పెట్టే రకం తీసుకుని, కార్డుని క్యాబినెట్‌లో ప్లాస్టిక్ స్పేసర్ల మీద బిగించుకోవడం మేలు. ఆ రకాల్లో కొన్నిటికి నీలం రంగు యూఎస్‌బీ కేబుల్ లాంటిది వస్తుంది. అందులో పోయేది యూఎస్‌బీ కాదు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ సిగ్నల్. దాన్ని పొరపాటున కూడా కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో పెట్టకండి.

నాలుగో అడుగు: విండోస్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్‌తో పరీక్ష

ఈ అడుగు ముందే తెలిసి ఉంటే నా రెండు రోజులు మిగిలేవి. ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా అక్కడి నుంచే బూట్ చేయండి. ఐసీఈ1712 చిప్‌కి డ్రైవర్ లినక్స్ కర్నల్‌లోనే ఏళ్ల తరబడి ఉంది, మీరు ఏదీ దించుకోనక్కర్లేదు. ఇక్కడ పలికితే కార్డు, అడాప్టర్, కరెంటు మూడూ బాగున్నట్టే, మిగిలింది విండోస్ డ్రైవర్ గొడవ ఒక్కటే. ఇక్కడా పలకకపోతే విండోస్‌లో ఎంత తవ్వినా నీళ్లు పడవు.

టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ ఇవ్వండి, చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. వచ్చే జాబితాలో ముందు బ్రిడ్జి, దాని తర్వాత ఐసీఈ1712 పేరుతో ఆడియో కార్డు కనబడాలి. బ్రిడ్జి కూడా లేదంటే అడాప్టర్ సరిగ్గా కూర్చోలేదు. బ్రిడ్జి ఉండి కార్డు లేకపోతే 5 వోల్టుల వైరు పెట్టారో లేదో చూడండి. తర్వాత ఎరికార్డ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, అడ్డగీత, చిన్నబడి ఎల్ కొట్టండి (arecord -l). రికార్డింగ్ పరికరాల్లో ఎం ఆడియో ఆడియోఫైల్ 24/96 అని వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే విషయం ఒకటుంది. లినక్స్ ఈ కార్డుని రెండు చానళ్ల కార్డుగా చూపించదు. చిప్‌లో ఉన్నవన్నీ, అంటే పన్నెండు ఇన్‌పుట్‌లు, పది అవుట్‌పుట్‌లు, ఒకే ముద్దగా చూపిస్తుంది. ఆడియోఫైల్‌లో మీ ఆర్‌సీఏ ఇన్‌పుట్‌లు మొదటి రెండు. తొమ్మిది, పది డిజిటల్‌వి. చివరి రెండూ చిప్ లోపలి మిక్సర్‌వి. సౌండ్ సెట్టింగ్స్‌లో కార్డు ప్రొఫైల్‌ని ప్రో ఆడియో అని మార్చి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, రెండు చానళ్లు తీసుకోండి.

ముదిత24 అనే చిన్న ప్రోగ్రామ్ కూడా వేసుకోండి. ఈ చిప్ లోపల ఏం జరుగుతోందో చూపించే అద్దం అది. క్యాసెట్ ప్లే చేసి అందులోని మీటర్లు చూడండి. మీటర్ కదిలి రికార్డింగ్ రాకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మీటరే కదలకపోతే కేబుల్‌లో, క్యాసెట్ ప్లే చేసే డెక్‌లో లేదా కార్డు అనలాగ్ కరెంటులో ఉంది. నా మొదటి అడాప్టర్ బండారం బయటపడింది ఈ మీటర్లతోనే.

అదే ప్రోగ్రామ్‌లో క్లాక్ (రికార్డింగ్ వేగాన్ని నడిపే తాళం) సెట్టింగ్ చూడండి. ఎస్‌పీడిఫ్ (డిజిటల్ ఇన్‌పుట్) అని బయటి క్లాక్ మీద పెట్టి ఉండి, అక్కడ ఏ పరికరమూ లేకపోతే రికార్డింగ్ మొదలే కాకపోవచ్చు, లేదా వేగం తేడాగా రావచ్చు. ఇంటర్నల్‌లో 48000 పెట్టండి.

ఐదో అడుగు: విండోస్‌లోనే కావాలంటే

విండోస్ 10, 11ల కోసం ఈ కార్డుకి కంపెనీ కొత్త డ్రైవర్ రాయలేదు. విండోస్ 7 నాటి 64 బిట్ డ్రైవర్‌నే విండోస్ 10లో వేసుకుని వాడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో ఎక్కదు, విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు. కాబట్టి డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ తేడా చూసుకోండి. కంపెనీ సపోర్ట్ పేజీ నుంచే తీసుకోండి. డ్రైవర్లు ఉచితమంటూ కనబడే ఊరూపేరూ లేని సైట్ల నుంచి దించితే కార్డుతో పాటు వైరస్ కూడా వస్తుంది.

వేసే ముందు రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ఇన్‌స్టాలర్ మొరాయిస్తే కంపాటిబిలిటీలో విండోస్ 7 ఎంచుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. డ్రైవర్ ఎక్కినట్టే ఎక్కి పసుపు గుర్తు పడితే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉందేమో చూడండి. పాత డ్రైవర్లని అది అడ్డుకుంటుంది. దాన్ని ఆపితే కంప్యూటర్ రక్షణ కొంత తగ్గుతుంది. బ్యాంకు పనులు, ఆఫీసు పనులు చేసే మెషిన్‌లో ఆపమని నేను చెప్పను.

ఇంకో రెండు చిన్న పనులు. ఫాస్ట్ స్టార్టప్, స్లీప్ రెండూ ఆపండి, నిద్రలేచాక పాత డ్రైవర్లు కార్డుని మళ్లీ పలికించలేక తడబడతాయి. ప్రైవసీలో మైక్రోఫోన్ అనుమతి కూడా ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే లైన్ ఇన్‌పుట్ కూడా నిశ్శబ్దంగానే రికార్డ్ అవుతుంది, ఎర్రర్ ఏదీ రాదు.

ఆరో అడుగు: టిక్కులు, హమ్

పలకడం వేరు, శుభ్రంగా పలకడం వేరు. అసలు క్యాసెట్ పెట్టే ముందు ఏదైనా పాట పది నిమిషాలు రికార్డ్ చేసి హెడ్‌ఫోన్‌లో వినండి. మధ్యలో టిక్ టిక్‌మని తెగితే బఫర్ (సౌండు డేటా కాసేపు నిలవుండే చోటు) పెంచండి. పాడుతూ వినాలంటే బఫర్ చిన్నది కావాలి, క్యాసెట్ ఎక్కించడానికి ఆ తొందర లేదు. 1024 శాంపిల్స్ అంటే 48 కిలోహెర్ట్జ్‌లో 21 మిల్లీసెకన్లే. 2048 పెట్టినా నష్టం లేదు. విండోస్‌లో అయితే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ నడిపి ఏ డ్రైవర్ అడ్డం పడుతోందో చూడండి. రికార్డింగ్ వేళ వైఫై ఆపేయడం నా అలవాటు.

గుయ్‌మని అడుగున ఎడతెగని హమ్ ఉంటే అది మన కరెంటు 50 హెర్ట్జ్ శబ్దం. డెక్, కంప్యూటర్, మానిటర్ మూడింటినీ ఎర్త్ సరిగ్గా ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టండి. చాలావరకు అక్కడితో తగ్గుతుంది. హమ్ పోవాలని ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే వినకండి, ప్రాణం మీదకి వస్తుంది. మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటోందంటే కార్డు గ్రాఫిక్స్ కార్డుకి మరీ దగ్గరగా ఉంది, దూరం జరపండి.

ఏడో అడుగు: లెవెల్, రికార్డింగ్

ఇంట్లో వాడే క్యాసెట్ డెక్ ఇచ్చేది మైనస్ 10 డీబీవీ స్థాయి, అంటే 0.316 వోల్టు. స్టూడియో పరికరాలది ప్లస్ 4 డీబీయూ, 1.23 వోల్టులు. మీ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో ఎంపిక ఉంటే కన్స్యూమర్ లేదా మైనస్ 10 తీసుకోండి. బాగా గట్టిగా ఉన్న చోట మీటర్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. 24 బిట్‌లో కింద బోలెడంత చోటుంది, మీటర్‌ని ఎరుపు దాకా తోసే అవసరం లేదు.

క్యాసెట్‌కి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. గంట స్టీరియోకి ఒక జీబీ పైచిలుకు అవుతుంది. 96 పెడితే సైజు రెట్టింపవుతుంది, క్యాసెట్‌లో లేని శబ్దం మాత్రం కొత్తగా రాదు. ముందు వేవ్ ఫైల్‌గా దాచి, ఆ తర్వాతే ఫ్లాక్ (నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫైలు) చేసుకోండి. నాయిస్ తీసే పని ఎప్పుడూ కాపీ మీదే చేయండి.

కొత్త మెషిన్‌లోనే ఎందుకు?

ఇంత చేశాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. అడాప్టర్ వెతకడం కష్టమైతే, అసలు పీసీఐ ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్ ఒకటి తెచ్చుకోవడం ఇంకా మంచి దారి. బీ75, క్యూ77 బోర్డులున్న మూడో తరం ఇంటెల్ మెషిన్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లయితే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పూట తిరిగితే చాలు. కొనే ముందు బోర్డు మీద పీసీఐ స్లాటు ఉందో లేదో మూత తీయించి చూడండి. అందులో లినక్స్ వేసి, రికార్డింగ్‌కి మాత్రమే వాడండి. అక్కడ బ్రిడ్జి జబ్బులుండవు, మైనస్ 12 నేరుగా స్లాటులోకే వస్తుంది. ఫైళ్లు నెట్‌వర్క్ మీద కొత్త కంప్యూటర్‌కి పంపుకోండి. ఇంట్లో పది క్యాసెట్ల కన్నా ఎక్కువుంటే నేనైతే ఇదే చేస్తాను.

నాకున్నది ఒక్క క్యాసెట్, అందుకే అడాప్టర్ మార్చి ముందుకు పోయాను. రెండో అడాప్టర్ పెట్టి, డెక్‌లో క్యాసెట్ వేసి, ముదిత24 తెరిచాను. మొదట టేపు బుస్సుమన్న చప్పుడుకి మీటర్లు అడుగున సన్నగా వణికాయి. తర్వాత గాజుల చప్పుడు, రెండు గీతలూ ఒక్కసారి ఎగిరాయి. "ఒరే, అది తిరుగుతోందా?" పక్కన కూర్చున్న మా నాన్న ఏమీ ఆలోచించకుండా "ఆఁ, తిరుగుతోందమ్మా" అన్నారు.

క్యాబినెట్ మూత మూసే ముందు అడాప్టర్ చిప్ పేరు, డ్రైవర్ వెర్షన్, క్లాక్, బఫర్ సెట్టింగులు ఒక కాగితం మీద రాసి మూత లోపలి వైపు అంటించండి. మళ్లీ తెరిచేది మీరే కాకపోవచ్చు.